గేరు మార్చేది గాలా, సర్వోనా?

రోబోకి గేరు మార్చడానికి గాలి సిలిండరు పెట్టాలా, సర్వో మోటారు పెట్టాలా? మేముండే డెట్రాయిట్ శివార్లలో హైస్కూలు రోబోటిక్స్ టీములకి సాయం చేసేవాళ్ళ మధ్య ఈ తగువు ఎన్నేళ్ళనించో నడుస్తోంది. ఇప్పుడు కొంచెం చల్లబడింది గానీ పూర్తిగా చావలేదు. మెంటర్లుగా వచ్చే మన తెలుగువాళ్ళు చాలామంది సర్వో పక్షం. నేను గాలి పక్షం. సాఫ్ట్‌వేరు తిండి తింటూ గాలిని సమర్థిస్తావేమిటని ఆమధ్య ఒక మిత్రుడు నిష్ఠూరమాడాడు కూడా. ఆ నిష్ఠూరానికి జవాబే ఇది అనుకోండి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డీన్ కేమెన్ 1989లో ఫస్ట్ అనే సంస్థ పెట్టాడు. 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో మొదటి పోటీ జరిగింది. దాన్నే ఇప్పుడు ఎఫ్‌ఆర్‌సీ అంటున్నాం. ప్రతి జనవరిలోనూ కొత్త ఆట ప్రకటిస్తారు. దానికి తగ్గ రోబోని పిల్లలే కట్టుకోవాలి. ఒకప్పుడు ఆరు వారాలు కాగానే రోబోని సంచీలో పెట్టి సీలు వెయ్యాల్సి వచ్చేది. 2020 సీజను నించి ఆ నిబంధన తీసేశారు. రోబో బరువు బంపర్లూ బేటరీ కాకుండా సుమారు 120 పౌన్లు, ఒక్కో మేచీ దాదాపు రెండున్నర నిమిషాలు. మా మిషిగన్‌లో కార్ల కంపెనీల పుణ్యమా అని ఇలాంటి టీములు వందల్లో ఉన్నాయి. మావాడింకా మూడో క్లాసే. నన్ను మాత్రం క్లయింటు ఆఫీసులో ఒకాయన అయిదేళ్ళ కిందట ఒక శనివారం లాక్కెళ్ళాడు, అంతే, ఇప్పటికీ బయటపడలేదు.

అసలు రోబోకి రెండు గేర్లెందుకో లెక్క వేసి చూద్దాం. చాలా ఏళ్ళు ఈ రోబోలన్నిటికీ సిమ్ అనే మోటారే ఆధారం. 12 వోల్టులిస్తే బరువు లేనప్పుడు నిమిషానికి 5,300 చుట్లు పైన తిరుగుతుంది. గట్టిగా పట్టి ఆపేస్తే 2.4 న్యూటన్ మీటర్ల బలంతో తిప్పుతూ 130 ఆంపియర్లు లాగుతుంది. అలాంటివి నాలుగు పెట్టి, ఆరంగుళాల చక్రాలకి ఏడున్నరకి ఒకటి చొప్పున గేరు వేస్తే రోబో సెకనుకి 15, 16 అడుగులు పోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఎదుటి టీము రోబో వచ్చి అడ్డంగా నిలబడినప్పుడే తంటా అంతా. బేటరీ, బంపర్లతో కలిపి 150 పౌన్ల రోబో, కార్పెట్టు మీద రబ్బరు చక్రాలు జారేటంత గట్టిగా తొయ్యాలంటే, ఆ గేరులో ఒక్కో మోటారూ 110 ఆంపియర్ల దాకా అడుగుతుందని నా లెక్క. నాలుగింటికీ కలిపి 440. మన బేటరీ 18 ఆంపియర్-అవర్లది, మెయిన్ బ్రేకరు 120 ఆంపియర్లది. అదే 18కి ఒకటి చొప్పున గేరు వేస్తే వేగం ఆరున్నర అడుగులకి పడిపోతుంది గానీ, అదే తోపుకి ఒక్కో మోటారుకీ 45 ఆంపియర్లు చాలు. పరుగుకి ఒక గేరు, తోపులాటకి ఒకటి అన్నమాట. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా ఆ గేరుని ఎవరు మార్చాలి అన్నదాని దగ్గరే.

ఈ గేర్‌బాక్సుల్లో కార్లలోలాగ సింక్రోనైజర్లుండవు. రెండు గేర్లూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. మధ్యలో షాఫ్టు మీద అటూ ఇటూ జరిగే ముక్క ఒకటుంటుంది. దాన్ని డాగ్ అంటారు. అది ఎటు జరిగి పళ్ళు కలిపితే ఆ గేరు పడినట్టు. మీరు ఊళ్ళో మోటారుసైకిలు నడిపి ఉంటే ఇది మీకు బాగా తెలిసిన వ్యవహారమే, దాని గేర్‌బాక్సులోనూ డాగులే ఉంటాయి. ఇంజను ఆపేసి ఉన్న బండిని గేరులో పెట్టబోతే ఒక్కోసారి పడదు. కాలితో ఎంత నొక్కినా లివరు మొండికేస్తుంది. అప్పుడేం చేస్తాం? నొక్కి పట్టుకునే బండిని కాస్త ముందుకీ వెనక్కీ ఊపుతాం. టక్కుమని పడుతుంది. లోపల పన్నుకి ఎదురుగా సందు రావలసింది పోయి పన్నే వచ్చిందన్నమాట. బండి ఊపగానే సందు దొరికింది, మన కాలు నొక్కే ఉంది గనక గేరు పడింది.

ఇందులో కిటుకంతా ఆ "నొక్కి పట్టుకోవడం" లోనే ఉంది. గాలి సిలిండరు చేసే పని సరిగ్గా అదే. ఈ పోటీల్లో ట్యాంకులో 120 పీఎస్‌ఐ దాకా నింపుకుని, పనికి 60 పీఎస్‌ఐకి తగ్గించి వాడతాం. ముప్పావంగుళం పిస్టను మీద ఆ ఒత్తిడి పడితే 26 పౌన్ల తోపు వస్తుంది. పన్నుకి పన్ను ఎదురైతే సిలిండరు ఆగిపోతుంది, కానీ తొయ్యడం మానదు. దానికి వేడెక్కడం లేదు, అలసట లేదు, కరెంటు ఖర్చు అసలే లేదు. చక్రం ఒక్క పన్నంత తిరగ్గానే లోపలికి దూరిపోతుంది. గాలి స్వభావమే స్ప్రింగులాంటిది.

సర్వో అలా కాదు. దానికి ఫలానా కోణానికి పో అని చెబుతాం, పోతుంది. పోనీకుండా పన్ను అడ్డొస్తే, ఆగిపోయిన మోటారు ఎంత కరెంటు లాగుతుందో అంతా లాగుతూ మూలుగుతుంది. కాసేపటికి కమురు వాసన వస్తుంది. మామూలు హాబీ సర్వో బలం మూడున్నర కేజీ-సెంటీమీటర్ల చిల్లర. ఒకటిన్నర సెంటీమీటర్ల చెయ్యి బిగిస్తే దాని తోపు రెండున్నర కేజీలు, అంటే అయిదున్నర పౌన్లు. సిలిండరుదాంట్లో ఇంచుమించు అయిదోవంతే. దీనికి నాలుగైదు రెట్లు బలమున్న సర్వోలు దొరుకుతాయి, నిజమే. కానీ బలం పెరిగినకొద్దీ ఆగిపోయినప్పుడు లాగే కరెంటూ పెరుగుతుంది, అడ్డొచ్చిన పన్ను మాత్రం అడ్డుగానే ఉంటుంది. సర్వోకీ డాగుకీ మధ్య ఒక స్ప్రింగు పెడితే ఈ జబ్బు చాలావరకూ కుదురుతుంది. సర్వో తన కోణానికి తను పోయి కూచుంటుంది, స్ప్రింగు నొక్కి పట్టుకుంటుంది. సర్వో పక్షం వాళ్ళు ఈ స్ప్రింగుని ఏదో చిన్న చిట్కాలా చెప్పి దాటేస్తారు గానీ, నా దృష్టిలో సర్వో షిఫ్టరు అంటే ఆ స్ప్రింగే.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. దీన్ని మన సాఫ్ట్‌వేరు వాళ్ళు అస్సలు పట్టించుకోరు. 2015 సీజనులో వచ్చిన రోబోరియో అనే కంట్రోలరులో సర్వోలకి 6 వోల్టుల సరఫరా దాని బోర్డు మీంచే వెళ్తుంది. మొదటి రోబోరియో సంగతి చెబుతున్నాను: బేటరీ వోల్టేజీ 6.8కి పడితే ఆ 6 వోల్టుల సరఫరా తగ్గడం మొదలవుతుంది, 6.3కి పడితే మోటార్లతోబాటు దాన్నీ కంట్రోలరే ఆపేస్తుంది. బ్రౌనౌటు అంటారే, అది. మరి బేటరీ అంత కిందకి ఎప్పుడు పడుతుంది? పెద్ద గేరులో ఉండి ఎవర్నో తొయ్యబోయినప్పుడు. చిన్న గేరు అవసరమయ్యేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే! ఇల్లు తగలబడుతున్నప్పుడే కుళాయిలో నీళ్ళాగిపోయినట్టు, సర్వో కావలసిన క్షణంలోనే దానికి కరెంటు లేదు. సర్వోలకి విడిగా కరెంటిచ్చే మాడ్యూలు కొనుక్కోవచ్చు, అది వేరే సంగతి. కానీ కొనుక్కోవాలన్న ఆలోచన ఎవరికి రావాలి? కోడు రాసినవాళ్ళు అది వైరింగు సంగతి అంటారు. వైరింగు చేసినవాళ్ళకి తొయ్యడం గురించి ఎవరూ చెప్పరు.

గాలికి ఈ బాధ లేకపోలేదు, సొలినాయిడ్ వాల్వుకీ కరెంటే కావాలి. కానీ అక్కడ మనకో వెసులుబాటుంది. సింగిల్ సొలినాయిడ్ అయితే కరెంటు పోగానే స్ప్రింగుతో మనం ముందే నిర్ణయించిన గేరుకి వచ్చేస్తుంది. డబుల్ అయితే చివరిసారి చెప్పిన మాట మీదే ఉంటుంది. మా టీములో కార్ల ట్రాన్స్‌మిషన్లు చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, ఆయనది సింగిల్ పక్షం, ఏమైనా చిన్న గేరులో పడి ఉంటే చాలంటారు. పూర్తి వేగంతో పోతుండగా బ్రౌనౌటు వచ్చి చిన్న గేరు పడితే డాగు పళ్ళు ఏమవుతాయో తల్చుకుని నేను డబుల్ అంటాను. ఈ తగువు తేలలేదు, తేలకపోయినా నాకు బాధ లేదు. కరెంటు పోతే ఏ గేరులో ఉండాలో టీము ముందే కూచుని మాట్లాడుకోవడం అనే పని ఒకటి ఉందని దీనివల్ల పిల్లలకి తెలిసింది. సర్వో పెట్టినప్పుడు ఆ ప్రశ్నే రాదు, ఎక్కడ ఆగితే అక్కడే.

సరే, అవతలివాళ్ళ వాదన కూడా న్యాయంగా చెప్పాలి. సర్వో కొన్ని ఔన్సులుంటుంది. గాలి అంటే కంప్రెసరు, ట్యాంకులు, రెగ్యులేటరు, గేజీలు, వాల్వులు, గొట్టాలు, ఇవన్నీ కలిసి మా రోబోలో ఏడెనిమిది పౌన్లు తూగాయి. కొన్ని వందల డాలర్లవుతుంది. కంప్రెసరు తిరిగేటప్పుడు పదాంపియర్ల దాకా తాగుతుంది. గొట్టం చివర వంకరగా కోస్తే గాలి కారుతుంది. ఎక్కడ కారుతోందో సబ్బునీళ్ళు రాసి వెతకాలి, మన ఊళ్ళో సైకిలు షాపతను ట్యూబుని నీళ్ళ బేసినులో ముంచి బుడగలు చూసినట్టు. గాలి అయిపోతే డాగు మధ్యలో వేలాడుతుంది, రోబో న్యూట్రల్‌లో పడుతుంది, అంతకన్నా చిన్న గేరైనా నయం. ఇవన్నీ నిజాలే.

గాలి చాలదనే భయం మాత్రం లెక్క వెయ్యనివాళ్ళదే. అరంగుళం కదిలే రెండు సిలిండర్లకి ఒక్కసారి గేరు మార్చడానికి మామూలు వాతావరణపు గాలి లెక్కలో 36 మిల్లీలీటర్లు పడుతుంది. 574 మిల్లీలీటర్ల ట్యాంకు ఒక్కటి 120 నించి 60 పీఎస్‌ఐకి దిగేలోపు 2,300 మిల్లీలీటర్ల పైన ఇస్తుంది. అరవైసార్లు మార్చచ్చు అనిపిస్తుంది. కానీ వాల్వు నించి సిలిండరు దాకా ఉన్న గొట్టంలో గాలి కూడా ప్రతిసారీ బయటికి పోతుంది. ఒక్కో వైపు అర మీటరు గొట్టముంటే సిలిండరు కన్నా గొట్టమే ఎక్కువ తాగి, మీ అరవై కాస్తా పాతికకొస్తుంది. వాల్వుని తెచ్చి గేర్‌బాక్సు పక్కన పెడితే మళ్ళీ పెరుగుతుంది. ఈ లెక్క మా టీములో ఒక పదో తరగతి అమ్మాయి వేసింది. "అంకుల్, మనం ట్యాంకు కొనక్కర్లేదు, వాల్వు జరిపితే చాలు" అంది. నాలుగు పంక్తుల లెక్క. అది వచ్చేదాకా పెద్దవాళ్ళం రెండో ట్యాంకు ఎక్కడ పెట్టాలా అని వాదించుకుంటున్నాం.

ఇహ నా అసలు ఫిర్యాదు చెబుతాను. మనవాళ్ళు సర్వో వైపు మొగ్గేది బరువు చూసి కాదు, అది కోడులా కనిపిస్తుంది గనక. ఒక లైబ్రరీ, ఒక ఫంక్షను, సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె. అంకె పంపితే పని అయిపోయిందన్న భావన. కానీ ఎఫ్‌ఆర్‌సీ లైబ్రరీలో సర్వో ఎక్కడుందని అడిగితే వచ్చే జవాబు మనం చివరిసారి పంపిన అంకే, సర్వో నిజంగా ఉన్న చోటు కాదు. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, అవతలివాడు చదివేశాడని డైరీలో రాసుకోవడంలాంటిది. ఆఫీసులో ఎవరైనా ఇలా రాస్తే కోడు రివ్యూలో దులిపేస్తాం కదా! సిలిండరూ తన చోటు చెప్పదు, ఒప్పుకుంటాను. గాలి వాడినా సర్వో వాడినా, ఏ గేరు పడిందో ఇంకోచోట చూసి తెలుసుకోవాలి. మోటారు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడరు ఒకటి, చక్రం ఎంత తిరిగిందో చెప్పేది ఒకటి ఉంటే, రెండింటి నిష్పత్తే గేరు పేరు చెబుతుంది. 7.5 వస్తే పెద్దది, 18 వస్తే చిన్నది. రెండూ కాకపోతే మధ్యలో వేలాడుతోందని అర్థం. ఆ మూడో స్థితికి కోడులో చోటుండాలి. మధ్యలో ఉందని తెలిసిన వెంటనే మోటార్లకి కరెంటు తగ్గించి, అటూ ఇటూ కాస్త కదిపితే చాలు. బండి ఊపడమే కదా, కాలు బదులు ప్రోగ్రాము ఊపుతుంది. గేరు మార్చే ముందు కూడా క్షణంలో పదోవంతు మోటార్ల బలం తగ్గిస్తే డాగు మీద ఒరిపిడి తగ్గి సులువుగా బయటికి వస్తుంది. సాఫ్ట్‌వేరు చెయ్యదగ్గ సాయం ఇదీ. బలహీనమైన చేతిని కోడు బలమైనదిగా మార్చలేదు.

మా దగ్గర ఈ టీములకి వచ్చే తెలుగు పిల్లల్ని ఏ గ్రూపులో చేర్చాలని అడిగితే, అమ్మానాన్నలు తడుముకోకుండా ప్రోగ్రామింగు అనేస్తారు. లేతు మిషను దగ్గర మనపిల్లలు కనపడరు, గొట్టాలు కోసేచోట అసలే కనపడరు. చేతికి గ్రీజంటితే కాలేజీ అప్లికేషనులో పనికిరాదని ఎవరు చెప్పారో తెలీదు. దాంతో ఏమవుతోందంటే, సర్వోయా గాలా అని ఓటింగు పెట్టినప్పుడు డాగు పళ్ళని చేత్తో పట్టి చూడని పిల్లలు, చూడని తండ్రుల మాట విని చెయ్యెత్తుతున్నారు. మా టీములో పోయిన సీజను ముందు ఆ ఓటింగు మాన్పించాం. గేర్‌బాక్సుని బల్లకి బిగించి, ఒక వైపు సిలిండరు, ఒక వైపు స్ప్రింగుతో సర్వో పెట్టి, రెండు గ్రూపులకీ తలో కాగితమిచ్చి, పడినప్పుడో గీత, పడనప్పుడో గీత గియ్యమన్నాం. బేటరీని సగం ఖాళీ చేసి మళ్ళీ గీయమన్నాం. ఆ రెండో కాగితం చూశాక ఎవరూ ఎవరితోనూ వాదించలేదు. ప్రోగ్రామింగు కుర్రాళ్ళే వచ్చి రెంచీలు అడిగారు.

ఇప్పుడు మీలో కొందరు, ఇదంతా పాతకాలపు ముచ్చట, ఇప్పుడంతా స్వర్వ్ కదా అంటారు. ఔను. 2019 సీజనుకి నియో, 2020కి ఫాల్కన్ లాంటి బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాక, నాలుగు చక్రాలూ దేనికది ఎటుకావాలంటే అటు తిరిగే స్వర్వ్ మాడ్యూళ్ళు రెడీమేడుగా దొరుకుతున్నాక, పెద్ద టీములు గేర్లు మార్చడం దాదాపు మానేశాయి. మోటారు ఎన్ని ఆంపియర్లకి మించి లాగకూడదో సాఫ్ట్‌వేరులోనే హద్దు పెట్టచ్చు గనక, ఒకే గేరుతో బ్రేకరు పడకుండా నెట్టుకురావచ్చు. కాబట్టి మీ రోబోలో ఇంకెక్కడా గాలి అవసరం లేకపోతే, కేవలం గేరు కోసం ఏడు పౌన్లు మొయ్యకండి, అసలు గేరే మార్చకండి. ఇది సర్వోకి ఓటు కాదు, మధ్యస్థమైన ఒక్క గేరుకి ఓటు. గాలి అవసరం ఎలాగూ ఉంటే మాత్రం ఇంకో వాల్వు, రెండు సిలిండర్లు, అంతే ఖర్చు. అప్పుడు సర్వో గురించి మాట్లాడ్డమే దండగ.

సర్వోకి నేను ఒప్పుకునే చోట్లు రెండున్నాయి. ఒకటి, డాగు బదులు షాఫ్టులోంచి చిన్న చిన్న ఉక్కు గోళీలు బయటికి పొడుచుకొచ్చి గేరుని పట్టే బాల్ షిఫ్టరు. వెక్స్‌ప్రో వాళ్ళు ఒకప్పుడు అమ్మేవారు. దానికి తోపు తక్కువ చాలు. రెండోది చక్రాల మోటార్లనే కాసేపు అరువు తీసుకుని మేచి చివర్లో రోబోని పైకి ఎక్కించే పీటీఓ. ట్రాక్టరు వెనక షాఫ్టు తగిలించి నీళ్ళ పంపు తిప్పడం చూసుంటారుగా, అదే పేరు, అదే పని. ఇది మేచికి ఒక్కసారి, రోబో ఆగి ఉన్నప్పుడు మార్చుకునేది. బేటరీ మీద తోపులాట భారం ఉండదు. మార్చి, మోటారు ఒక్క పిసరు తిప్పి, ఎన్‌కోడర్లు చూసి, పడకపోతే మళ్ళీ ప్రయత్నించే తీరిక ఉంటుంది.

అన్నట్టు, హైదరాబాదులోనో బెజవాడలోనో మీ అన్నయ్య పిల్లలు చిన్న రోబోల ఎఫ్‌టీసీ పోటీలకి తయారవుతుంటే ఈ వ్యాసం చూపించి గాలి పెట్టమనకండి. అక్కడ కంప్రెసర్లూ గాలి ట్యాంకులూ నిషిద్ధం, సర్వో తప్ప గతి లేదు. వాళ్ళకి చెప్పాల్సింది సర్వోకీ పళ్ళకీ మధ్య పెట్టాల్సిన స్ప్రింగు గురించి, ఇంకా మేచీకి ముందు రెండు వైపుల చక్రాల్నీ చేత్తో తిప్పి, రెండూ ఒకే గేరులో ఉన్నాయో లేదో చూసుకోవడం గురించి. మా బండి మీద ఆ మాట రాసిన కాగితం అంటించి ఉంటుంది. పోయిన సీజనులో ఒక మేచీకి ముందు పిల్లలు అలా తిప్పి చూస్తే ఎడమవైపు చక్రం ఉత్తినే గిర్రున తిరిగింది. గొట్టం ఊడి ఉంది. బిగించడానికి అర నిమిషం పట్టింది.